అండమాన్ నుంచి వచ్చిన సుభద్రమ్మ

సోమవారం మధ్యాహ్నం రెండుంబావు. ఢిల్లీ మయూర్ విహార్‌లో ఒక హౌసింగ్ సొసైటీ. నాలుగో అంతస్తు, కుడివైపు ఫ్లాట్.

లోపలి గదిలో మంచం మీద సుభద్రమ్మ శవం. డెబ్బయ్యారేళ్ల మనిషి. గొంతుదాకా దుప్పటి కప్పి ఉంది. ఏసీ పూర్తి చలిలో నడుస్తోంది.

ఎస్సై తేజశ్రీ గుమ్మంలోనే ఆగిపోయింది. ఈ ఇంట్లోకి ఆమె యూనిఫాంలో రావడం ఇదే మొదటిసారి. ఎదురు ఫ్లాట్ ఆమెదే. "తెలిసినవాళ్లు సార్, ఇంకెవరినైనా పంపండి" అని మొత్తుకుంది. "స్టేషన్‌లో తెలుగు వచ్చేది నీకొక్కదానికే, వెళ్లు" అని ఎస్‌హెచ్‌ఓ ఫోన్ పెట్టేశాడు. ఆయనకేం, కూర్చుని ఎన్నయినా చెబుతాడు.

మరణ ధ్రువీకరణ రాయడానికి వచ్చి, అనుమానంతో స్టేషన్‌కి ఫోన్ చేసిన డాక్టరు ఆమెను బాల్కనీ వైపు తీసుకెళ్లాడు.

"నేను సంతకం పెట్టను మేడమ్."

"ఎందుకు?"

"విమానం దిగి పన్నెండింటికి ఇల్లు చేరామంటున్నారు. అలసటగా ఉందని పడుకుందట. ఒంటిగంటన్నరకి లేపితే లేవలేదట. కానీ ఒళ్లంతా కొయ్యబారిపోయింది. ఈమె పోయి గంటన్నర కాదు, పన్నెండు గంటలు దాటింది. ఇంకా ఎక్కువే అయ్యుండొచ్చు."

"అంటే నిన్ననే పోయిన మనిషి ఈ రోజు విమానం ఎక్కిందన్నమాట."

"ఆ సంగతి మీరే తేల్చాలి," అని డాక్టరు బ్యాగు సర్దుకున్నాడు.

ఎనిమిది రోజుల క్రితం సుభద్రమ్మ కొత్త చెప్పులు వేసుకుని, లిఫ్టు ముందు నిలబడి తేజశ్రీ చెంప నిమిరింది. "సముద్రం చూసొస్తానమ్మాయ్" అంది. ఊరెళ్లినప్పుడల్లా ఇచ్చినట్టే తోడు పెరుగు గిన్నె చేతిలో పెట్టింది. ఢిల్లీ మిల్క్ బూత్‌లలో దొరికే పెరుగు ఆవిడ గొంతు దిగదు. తెనాలి నుంచి తెచ్చిన తోడును ఇరవయ్యేళ్లుగా తెగిపోకుండా నడుపుతోంది. ఊరినుంచి రాగానే సూట్‌కేసు లోపల పెట్టకముందే ఆ గిన్నె కోసం బెల్లు కొట్టేది. ఆ గిన్నె ఇంకా తేజశ్రీ ఫ్రిజ్‌లోనే ఉంది.

ఆవిడ ఎలా పోయిందో తెలియాలి. కేసు సంగతి తరవాత. ముందు తనకు తెలియాలి.

హాల్లో ముగ్గురూ ఉన్నారు. సుభద్రమ్మ కొడుకు రామమోహనరావు, కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు, రిటైర్మెంటుకు రెండేళ్లుంది. భార్య నాగమల్లేశ్వరి. కొడుకు సాకేత్, గ్రేటర్ నోయిడాలో ఈ ఏడే ఇంజనీరింగ్‌లో చేరబోతున్నాడు. ఎల్టీసీ మీద అండమాన్ వెళ్లొచ్చారు. ఢిల్లీలో ప్రభుత్వోద్యోగుల ఇళ్లకు ఎల్టీసీ అంటే పెద్ద సంబరం. సర్కారు ఖర్చుతో ఇంటిల్లిపాదీ విమానమెక్కే భాగ్యం మరి.

తేజశ్రీ ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టింది. ముందు రామమోహనరావు.

"నిన్న ఆదివారం ఎక్కడున్నారు?"

"హేవ్‌లాక్ దీవిలో."

"ఏం చేశారు?"

"పొద్దున్నే స్పీడ్ బోటెక్కాం. తరవాత అద్దాల అడుగున్న పడవ. సాకేత్ స్నార్కెలింగ్ చేశాడు. అలలు తగ్గాక మేమూ మోకాలి లోతు దిగాం. అమ్మ గట్టున కూర్చుని కొబ్బరినీళ్లు తాగింది."

"నిన్న సాయంత్రం ఆవిడ ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉందమ్మా," అన్నాడు. కళ్లు నేల మీదే ఉన్నాయి.

తరవాత నాగమల్లేశ్వరి.

"నిన్న ఏం చేశారు ఆంటీ?"

"పొద్దున్నే స్పీడ్ బోటెక్కాం. అద్దాల పడవలోంచి అత్తయ్య నీలం రంగు చేప చూసింది. అలలు తగ్గాక మేమూ మోకాలి లోతు దిగాం."

"భయం వెయ్యలేదా?"

నాగమల్లేశ్వరి తెల్లబోయింది. "పొద్దున్నే స్పీడ్ బోటెక్కాం," అని మళ్లీ మొదటినుంచి అందుకుంది.

చివరికి సాకేత్. కుర్రాడి మొహం పీక్కుపోయి ఉంది.

"నువ్వు చెప్పు. నిన్న ఏం జరిగింది?"

"పొద్దున్నే స్పీడ్ బోటెక్కాం. బామ్మ నీలం రంగు చేప చూసింది. అలలు తగ్గాక మోకాలి లోతు దిగాం."

తేజశ్రీ పెన్ను ఆపేసింది. ఈ పిల్లవాడు ఢిల్లీలో పుట్టాడు. తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబిస్తాడు. అలాంటివాడి నోట వరసగా మూడు తెలుగు వాక్యాలు, ఎక్కడా తడబాటు లేకుండా. ఎవరో కూర్చోబెట్టి వల్లె వేయించారు.

మంచినీళ్ల కోసం లేచింది. వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. నీళ్ల సీసాలు, సగం కోసిన నిమ్మకాయ, స్టీలు గిన్నెలో గడ్డగా తోడుకున్న పెరుగు. నీళ్లు తాగి తలుపు వేసింది. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చింది. గిన్నె తీసి, చెంచాతో అంచున కొంచెం రుచి చూసింది.

పుల్లగా లేదు.

గిన్నె పట్టుకునే హాల్లోకి వచ్చి, ముగ్గురి ముందూ టీపాయ్ మీద పెట్టింది.

"మీరెవరూ అండమాన్ వెళ్లలేదు."

రామమోహనరావు గిన్నె వైపు చూశాడు.

"ఎనిమిది రోజులు తాళం వేసిన ఇంట్లో తియ్యటి పెరుగు ఎలా వచ్చింది? పన్నెండింటికి వచ్చి పాలు కాచి తోడేశారనుకుందాం. మూడింటికల్లా ఇంత గడ్డగా తోడుకుని, ఫ్రిజ్‌లో చల్లబడి కూడా ఉంటుందా? పోనీ, తోడు ఎక్కడిది? నాకిచ్చిన గిన్నె నా దగ్గరే ఉంది. ఇది బామ్మగారి తోడే. ఆవిడ ఓ చెంచా దాచుకున్నారు, ఇల్లు వదలడం లేదని తెలుసు కాబట్టి."

తేజశ్రీ చెంచాను గిన్నెలో వదిలేసింది.

"ఆ రోజు సూట్‌కేసులతో అందరికీ కనపడేలా వెళ్లారు. చీకటి పడ్డాక బేస్‌మెంట్ లోంచి తిరిగొచ్చారు. ఈ రోజు తెల్లారకముందు ఆవిడను మంచం మీదే వదిలి మళ్లీ బయటికెళ్లి, పన్నెండింటికి టాక్సీలో దిగారు. అవునా, కాదా?"

ముందు ఏడ్చింది సాకేత్. ఏడుపులో సగం తెలుగు ఎగిరిపోయింది.

"బామ్మ నే హీ రటాయా, దీదీ. హర్ షామ్. కర్టెన్లు వేసి, ఫోన్‌లో వీడియో పెట్టి. 'ఏ రంగు చేపరా నేను చూసింది?' అని పూఛ్‌తీ థీ. తప్పు చెప్తే హస్‌తీ థీ." వల్లె వేయించింది బామ్మేనట, రోజూ సాయంత్రం; తప్పు చెప్తే నవ్వేదట.

ఇక రామమోహనరావు దాచలేదు. కరోల్ బాగ్‌లో ఒక ఏజెంటు టికెట్లూ బోర్డింగ్ పాసులూ అన్నీ సృష్టించి ఇచ్చాడు. వెళ్లొచ్చినట్టు ఆఫీసులో బిల్లు పెడితే వచ్చే డబ్బు సాకేత్ కాలేజీ ఫీజుకు. ఆఫీసులో ఎంతమంది ఇలా చేయలేదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఎనిమిది రోజులు సొంత ఇంట్లో దొంగల్లా బతికారు. లైట్లు వెయ్యలేదు. విజిల్ వినపడుతుందని కుక్కరు పెట్టకుండా గిన్నెలో అన్నం వార్చుకున్నారు. పాలపొడి పాలతో సుభద్రమ్మ రోజూ పెరుగు తోడేసింది. దగ్గు వస్తే దిండులో మొహం దాచుకుంది.

"నిన్న ఏమైంది?"

"సాయంత్రం నాలుగున్నరకి గుండెల్లో నొప్పంది," అన్నాడు రామమోహనరావు. "నాలిక కింద మాత్ర పెట్టాం. తగ్గింది. మళ్లీ వచ్చింది. అంబులెన్స్ వస్తే గేటు దగ్గర పేరడుగుతారు. సొసైటీ అంతా చూస్తుంది. కాసేపు చూద్దాం, చీకటి పడ్డాక కింద నుంచి తీసుకెళ్దాం అనుకున్నాం. ఆరింటికి పోయింది."

రాత్రంతా శవం పక్కనే కూర్చున్నారు. ఏజెంటు ఇచ్చిన టికెట్ల ప్రకారం తిరిగొచ్చే విమానం సోమవారానికి గానీ లేదు కాబట్టి.

తేజశ్రీకి ఒళ్లు మండిపోయింది. ఆ వెంటనే మంట చల్లారి, ఏం చేయాలో తెలియని నీరసం ఆవరించింది.

"గంటన్నర," అంది. "అంకుల్, నిన్న నాకు వీక్లీ ఆఫ్. ఎదురింట్లోనే ఉన్నాను. కారు కిందే ఉంది."

"తెలుసు," అంది నాగమల్లేశ్వరి. "నీ మిక్సీ చప్పుడు వినపడుతూనే ఉంది. గడియ మీద చెయ్యి కూడా వేశాను తేజా. అత్తయ్యే వద్దని తలూపింది. 'అది పోలీసు పిల్ల. చూశాక రాయకుండా ఉండలేదు. దాన్ని ఇరుకున పెట్టకండి, వీడి నౌకరీ తియ్యకండి' అంది. మాట పడిపోయేముందు అన్న మాట అదే."

ఫోన్ మోగింది. ఎస్‌హెచ్‌ఓ.

"మర్డరా, నేచురలా? ఏం రాస్తున్నావ్?"

తేజశ్రీ తలుపు తీసివున్న గదివైపు చూసింది. ఎవరూ చంపలేదు. ఊరికే పోనూ లేదు. ఈ రెండింటి మధ్యన రాయడానికి ఏ సెక్షనూ ఆమెకు తట్టలేదు.

"పోస్టుమార్టంకి పంపుతున్నాను సార్," అని పెట్టేసింది.

స్ట్రెచర్ వచ్చింది. ఇద్దరు మనుషులు దుప్పటితో సహా సుభద్రమ్మను ఎత్తారు. అవతల వైపు సాకేత్ పట్టుకున్నాడు. లిఫ్టు ముందు రామమోహనరావు తేజశ్రీ వైపు తిరిగాడు.

"ఒక్కటి చెప్పమ్మా. నిన్న మేం నీ తలుపు కొట్టి ఉంటే ఏం చేసేదానివి?"

"ముందు హాస్పిటల్‌కి తీసుకెళ్లేదాన్ని అంకుల్."

"ఆ తరవాత?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఒక్క చిన్న అబద్ధం చెబితే ఆయనకు కాస్త ఊరటగా ఉంటుందో, ఇంకా నరకంగా ఉంటుందో కూడా తెలియలేదు. లిఫ్టు బటన్ నొక్కింది.

రామమోహనరావు తల ఊపాడు.

"అమ్మకీ తెలుసు," అన్నాడు.