ఏడో నంబరు దగ్గర పచ్చ లైటు

సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద ఒక పాత రైసు మిల్లు ఉంది. మిల్లు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. గోడలకు సున్నం కొట్టించి, ఏసీలు బిగించి, దాన్నొక చిన్న కంప్యూటర్ కంపెనీకి కిరాయికి ఇచ్చారు. పగలు అక్కడ పదకొండు మంది కూర్చుని పని చేసుకుంటారు. చీకటి పడ్డాక మాత్రం... వెనక గదిలోకి ఎవరూ పోరు.

ఆ గదికి చెడ్డ పేరుంది.

మిల్లు నడిచే రోజుల్లో సాయవ్వ అనే మనిషి అక్కడ బియ్యం చెరిగేదట. ఒక రాత్రి మిషను బెల్టులో కొంగు చిక్కుకుని ప్రాణం పోయిందట. అప్పట్నుంచి పదకొండు దాటితే చాలు, గోడ వెనక చాటతో చెరుగుతున్న చప్పుడు వస్తుందట — సర్... సర్... సర్... ఇన్ని ‘అట’లు ఎందుకంటే, నేను చూసింది ఏమీ లేదు. ఆ ఆఫీసులో పనిచేసే సింధూజకు ఎదురైంది, ఆమె నోట విన్నది విన్నట్టు చెబుతున్నాను.

సింధూజ దెయ్యాలకు భయపడే ఘటం కాదు. ఆ ఎండాకాలం ఆమె కోపమంతా బతికున్న ఒక మనిషి మీద — కాశీనాథం మీద.

కాశీనాథం ఆమెకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న ఇంజనీరు. రెండేళ్ళ కింద చెన్నైలో మంచి ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తను రాసిన నెట్‌వర్క్ డ్రైవర్ కోడు ఆమె నెత్తిన పెట్టి పోయాడు.

ఆ డ్రైవర్ పని చెప్పుకుంటే చాలా చిన్నది. తీగ తగిలించగానే దాని రెండు చివర్ల ఉన్న యంత్రాలు ఒకదాన్నొకటి అడుగుతాయి — నువ్వెంత వేగం పోగలవు? పదా, వందా, వెయ్యా? రెండింటికీ కుదిరిన వేగం మీద లింకు నిలబడుతుంది. తీగ గుచ్చే ఏ పోర్టు ఎంత వేగం పోగలదో చెప్పాల్సింది డ్రైవర్. ఈ ఒక్క ముక్క చెప్పడానికి కాశీనాథం ఆరువందల లైన్లు రాశాడు. ఇదైతే అది, అది కాకపోతే ఇది, అదీ కాకపోతే ఇంకోటి... ఒకదాని కడుపులో ఒకటి. ఎందుకు రాశాడో ఎక్కడా ఒక్క మాట రాసిపెట్టిన పాపాన పోలేదు.

ఆ చిక్కంతా విడదీసి ఒక పట్టికగా మార్చడం సింధూజ పని. నియమం ఒక్కటే — చదవడానికి తేలికవ్వాలి, చేసే పని మాత్రం వెంట్రుకవాసి కూడా మారకూడదు. మూడు వారాలు కళ్ళు మంటలెత్తేలా కూర్చుంది. ఆరువందల లైన్లు నలభై అయ్యాయి.

ఆ విడదీతలో ఆమెకొక వింత లైను తగిలింది. ఏడో పోర్టు అయితే వంద దాటనివ్వకు, అని. ఏడో పోర్టూ ఆరో పోర్టూ ఒకే కార్డు మీదివి. ఒకటి వెయ్యి పోతుంటే దాని పక్కదానికి ఏం రోగం? మనిషికి మతి లేదనుకుంది, కొట్టేసింది. పీడ వదిలింది అని పైకే అనుకుంది కూడా.

మర్నాడు పొద్దున వాచ్‌మన్ పర్శరాములు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

“మేడం... వెనక గదిల ఏడో నంబరు కాడ పచ్చ లైటు వెలుగుతున్నది.”

“వెలగనీ తాతా. మంచిదే కద.”

“మంచిది కాదు. ఇన్నొద్దులు పసుపుదే ఉంటుండె. పచ్చ లైటు వెలిగితే... సాయవ్వ ఊకోదు.”

సింధూజ నవ్వి, చాయ్ తాగావా అని అడిగి పంపించేసింది.

పని ఇచ్చిన కంపెనీవాళ్ళ షరతు గట్టిది. కొత్త కోడు మీద ఎనిమిది పోర్టులూ ఎనిమిది గంటలు నడవాలి, ఏ ఒక్కటీ ఒక్కసారి కూడా తెగకూడదు. పగలు ఆ యంత్రాలకు వేరే పనులుంటాయి కాబట్టి రాత్రిపూట నడిపించేది. మొదటి రాత్రి పదకొండూ నలభైకి ఏడో పోర్టు తెగింది. రెండో రాత్రి కూడా ఏడోదే... పదకొండూ ముప్పై ఎనిమిదికి.

నలభై లైన్లను నాలుగు వందల సార్లు చదివింది. కార్డు మార్చింది. తీగ చివర్లు ఊడబీకి మళ్ళీ బిగించింది. తప్పు కనబడదు. కనబడే తప్పైతే దిద్దుకోవచ్చు, ఇది కనబడి చావదే! కాశీనాథానికి మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ మోగి మోగి ఆగింది. నాలుగోసారి చేసే ఓపిక లేక ఫోను బల్ల మీద విసిరేసింది.

సాయంత్రం హైదరాబాదు నుంచి ఆఫీసు పెద్ద ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు.

“సింధూజా, రేపు పొద్దున తొమ్మిదికి వాళ్ళకు రిపోర్టు పోవాలె. ఈ రాత్రి కూడ తెగితే పని ఇక్కడ హైదరాబాదోళ్ళకు ఇచ్చేస్త. ఒక్క మాట చెప్తున్న, ఏమనుకోకు... సిద్దిపేటల ఆఫీసు నడుపుడే దండుగ అంటున్రు పైనోళ్ళు.”

ఆఫీసు ఎత్తేస్తే హైదరాబాదు పోవాలి. భర్త షాపు ఇక్కడే పాత బస్టాండు దగ్గర. పాప సహస్రకు ఇంకా మూడేళ్ళు. ఆమెకు పోవడం కుదరదు. ఇంటికి పది నిమిషాల దూరంలో, చదివిన చదువుకు తగ్గ ఉద్యోగం — మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

మూడో రాత్రి ఆమె ఇంటికి పోలేదు. ఏడు గంటలకు పరీక్ష మొదలుపెట్టి, పదకొండు దాకా ముందు హాల్లో కూర్చుంది. తర్వాత లేచి వెనక గది వైపు నడిచింది.

పర్శరాములు అడ్డం వచ్చాడు.

“పోకున్రి మేడం...”

“అయితే నువ్వు రా తోడు.”

“నేనొస్తే గేటు ఎవలు చూస్తరు?”

గేటుకు అరచేతంత తాళం వేలాడుతోంది. ఆమె ఇంకేమీ అనకుండా లోపలికి పోయింది.

గదిలో యంత్రాల హోరు. చీకట్లో వరసగా ఎనిమిది పచ్చ లైట్లు. ఏడు తీగలు అక్కడికక్కడే మూరెడేసి పొడవున్నాయి. ఏడో నంబరుది ఒక్కటే పొడవు తీగ. దూరం మీద లింకు ఎలా నిలబడుతుందో చూడటానికి దాన్ని గోడ బయటికి తీసి, ఒక ప్లాస్టిక్ పైపులోంచి మిల్లు చుట్టూ తిప్పి, మళ్ళీ లోపలికి తెచ్చారు.

పదకొండుంబావు... ఏమీ లేదు.

పదకొండున్నర...

సర్...

సింధూజ గోడకు చెవి ఆనించింది.

సర్... సర్... సర్...

గోడ అవతల. ఆగి ఆగి... ఒక లయలో. చాటలో బియ్యం పోసి చెరుగుతున్నట్టే ఉంది. ఆమె లైటు వంక చూసింది. పచ్చగానే ఉంది. పారిపోవాలని కాళ్ళు తొందర పెడుతున్నాయి, కానీ పారిపోతే రేపు ఓంప్రకాశ్‌కు ఏం చెప్పాలి? దెయ్యం వచ్చిందని రిపోర్టులో రాయాలా? భయం కంటే ఉక్రోషమే ఎక్కువైంది.

వెనక గోడకు ఒక ఇనుప తలుపుంది. దాని గడియ తుప్పు పట్టి ఉంది. రెండు చేతులతో గుంజింది. కిర్రుమంటూ జానెడు తెరుచుకుంది.

బయట చిమ్మచీకటి. తడి వాసన. పది అడుగుల దూరంలో... ఎవరో నేల మీద కూర్చుని ఉన్నారు. తలంతా తెల్లగా ఉంది. ముఖం లేదు. ఒళ్ళు ముందుకూ వెనక్కూ ఊగుతోంది... సర్... సర్...

చప్పుడు ఆగిపోయింది.

ఆ తెల్లటి తల మెల్లగా పైకి లేచింది. చెయ్యి చాచి గోడ మీద దేన్నో తడిమింది —

టక్!

గర్‌ర్‌ర్ర్ మని నేల అదిరింది. సింధూజ వెనక్కి తిరిగింది. ఏడో లైటు ఆరిపోయింది. టైము పదకొండూ ముప్పై తొమ్మిది.

“ఎవలూ?” అంది దెయ్యం.

అవతలి నుంచి టార్చి లైటు సింధూజ ముఖం మీద పడింది.

“గీ ఆఫీసుల పిల్లవేనా? గీ జాములేంది బిడ్డా గీడ? నేను ఐలవ్వను... నీళ్ళ ప్లాంటు ఐలవ్వను.”

మిల్లు వెనక నీళ్ళ ప్లాంటు ఉన్న సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. తాగేది ఆ నీళ్ళే. సాయంత్రం ఆరింటికి దాని ముందువైపు షట్టరు పడటం రోజూ చూసేదే. రాత్రి అక్కడ ఎవరూ ఉండరని అందరూ అనుకున్నారు. ఐలవ్వ తలకు పెద్ద తెల్ల తువ్వాల చుట్టుకుని, ముఖం మీదికి లాక్కుని ఉంది — దోమలట. ముందు నీళ్ళ క్యాన్ల గుట్ట. చేతిలో పీచు బ్రష్షు.

“రాత్రిపూట ఏం చేస్తున్నవు ఐలవ్వా?”

“ఏం జెయ్యాలె మరి? ఎండకాలం బోరు ఊరాలె గద. పదకొండు దాటినంక గని నీళ్ళందయి. అందాక క్యాన్లు రుద్దుకుంట కూసుంట. నీళ్ళు ఊరినంక మోటారేస్త. పొద్దుగాల ఇబ్రహీంపూర్ల పెండ్లి, నూటయాభై క్యాన్లు పోవాలె.”

సింధూజ తలుపు ఇంకాస్త తెరుచుకుని బయటికి వచ్చి, ఫోను లైటు గోడ మీదికి తిప్పింది. మోటారుకు పోయే కరెంటు తీగ, తన ఏడో నంబరు తీగ... రెండూ ఒకే పైపులో పోతున్నాయి. అర్థమైపోయింది. మోటారు నడిచినప్పుడల్లా ఆ కరెంటు ఈ తీగను కలవరపెడుతుంది. వంద వేగంలో అయితే లింకు తట్టుకుంటుంది. వెయ్యిలో తట్టుకోలేదు.

ఒక క్యాను బోర్లించి దాని మీద కూర్చుండిపోయింది.

“గా పైపు సంగతి కాశీనాథం సారుకు ఎర్కనే,” అంది ఐలవ్వ. “గాయిన గూడ రెండు రాత్రులు నీ లెక్కనే గీడ కూసున్నడు. నా మోటారు ఆపుమంటడేమో అనుకున్న. ఆపుమనలే. మా తీగనే మెల్లగ నడిపిస్త తియ్ ఐలవ్వా, అన్నడు.”

“మరి ఒక్క ముక్క రాసి పెట్టి చావొద్దా!”

“నేను గదే అడిగిన బిడ్డా. రాస్తే మావోళ్ళు చదువరు, దెయ్యమంటే మాత్రం ఎవ్వలు మర్వరు, అన్నడు. పచ్చ లైటు వెలిగితే దెయ్యం ఊకోదని మీ పర్శరాములుకు చెప్పి పోయిండు.”

పచ్చ లైటంటే వెయ్యి. పసుపంటే వంద. మూడు రోజుల కింద పర్శరాములు బల్ల దగ్గర నిలబడి ఆమెకు చెప్పింది అదే. చాయ్ తాగావా అని అడిగి పంపించింది తనే.

ఆమెకు కాశీనాథం గొంతు పిసకాలనిపించింది. అంతలోనే తన మీద తనకే ఒళ్ళు మండింది. చేసే పని మారకూడదన్న ఒక్క నియమాన్ని తప్పింది ఎవరు? ఎందుకుందో తెలియని లైనును పీడ అని కొట్టేసింది ఎవరు?

“మరి... సాయవ్వ?” అంది నీరసంగా.

“మిల్లుల చెరిగిన మనిషి పేరు ఒకటి చెప్పుమన్నడు. మా అత్త పేరు చెప్పిన. నిజంగనే చెరిగేటిది.”

“ఎప్పుడు పోయింది పాపం?”

“పోవుడేంది!” ఐలవ్వ బ్రష్షు కింద పెట్టింది. “ఇంట్ల గుర్రుపెట్టి పండుకున్నది. పొద్దుగాల లేవంగనే చాయె లేకుంటే మా పానం తీస్తది.”

సింధూజ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. ఫోను చూసుకుంది. పన్నెండుకు పావు తక్కువ. ఇప్పుడు మొదలుపెట్టినా తొమ్మిదిలోపు ఎనిమిది గంటలు దొరుకుతాయి. లేచి పరుగెత్తింది.

క్లయింటుకు పోయే పట్టికను ముట్టుకోలేదు. ఈ గది యంత్రాలకు మాత్రమే వేరే చిన్న పట్టిక పెట్టి, అందులో ఒక్క వరస రాసింది — ఏడో పోర్టు, వంద దాటొద్దు. పన్నెండూ ఇరవైకి పరీక్ష మళ్ళీ మొదలైంది. ఏడో నంబరు దగ్గర పసుపు లైటు వెలిగింది.

తెల్లవార్లూ గోడ వెనక మోటారు మోగుతూనే ఉంది. సింధూజ ఆ లైటు మీంచి చూపు తిప్పలేదు. అది అదరలేదు, బెదరలేదు. ఎనిమిదీ ఇరవైకి తెర మీద తెగిన లింకులు సున్నా అని వచ్చింది. రిపోర్టు పంపి, బల్ల మీద తల వాల్చింది.

పర్శరాములు చాయ్ తెచ్చి పెట్టాడు. గది వైపు తొంగి చూశాడు.

“పసుపే ఉన్నది మేడం.”

“ఉన్నది తాతా.”

“చెప్పిన గద...”

చెప్పావు తాతా, అంది. ఆ పూట ఆమెకు వాదించే మొహం లేదు.

సాయంత్రం కూర్చుని, ఆ వరస పైన పన్నెండు లైన్ల వివరణ రాసింది. పైపు ఎక్కడుంది, మోటారు ఎప్పుడు నడుస్తుంది, వెయ్యి ఎందుకు వద్దు, ఐలవ్వ ఫోన్ నంబరుతో సహా. కాశీనాథంలా దెయ్యాల మీద భారం వేసే రకం కాదు తను. రాతపూర్వకంగా ఉంది, ఇక ఎవరికీ ఈ తిప్పలు ఉండవని కంటినిండా నిద్రపోయింది.

వానాకాలంలో వర్షిత అని కొత్త అమ్మాయి చేరింది. చురుకైన పిల్ల. చేరిన నాలుగో రోజే సింధూజ కుర్చీ పక్కకు వచ్చింది.

“అక్కా, గీ ఏడో పోర్టు లైను ఎందుకు? తీసేసిన.”

“తీసేసినవా? దాని పైన రాసి ఉంది కద, చదవలేదా?”

“మస్తు పొడుగున్నది అక్కా... చదవలే.”

తలుపు దగ్గర నిలబడి పర్శరాములు చూస్తున్నాడు. సింధూజ కుర్చీ దగ్గరికి జరుపుకుంది, గొంతు బాగా తగ్గించింది.

“వర్షితా... గా వెనక గదిల ఒకప్పుడు సాయవ్వ అని ఒకామె ఉంటుండె...”