ఫర్హీన్ పేరు కింద పసుపు దారం

మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే ప్రేమలత టీచర్ తన డబ్బా తీసుకుని ఫర్హీన్ పక్కన కూర్చుంది. వరుసగా ఇది నాలుగో రోజు. ఎదురు వరుసలో రజితకు ముద్ద దిగలేదు.

సిరిసిల్లలోని ఆ ఐదో తరగతి గదిలో ఒక చెక్క బోర్డు ఉంది. దాని మీద పిల్లల పేర్లు, ఒక్కో పేరు కింద ఒక చిన్న మేకు. పొద్దున రాగానే ఎవరి మేకుకు వాళ్లు దారం కట్టాలి. సంతోషమైతే పసుపు, కోపమైతే ఎరుపు, దిగులైతే నీలం. నీలం కట్టినవాళ్ల పక్కన కూర్చుని టీచర్ అన్నం తింటుంది.

ఆ దారాలు తెచ్చేదేమో రజిత. వాళ్ల నాన్న ముత్యం సాంచెల షెడ్డులో, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు, మిగిలిన దారం ముక్కలు బిడ్డకిస్తాడు. దారాలు నావి, టీచరేమో ఆమెకా? రజితకు ఒళ్లు మండింది.

పోయిన నెల దాకా టీచర్ నోట ఎప్పుడూ "రజితా, రజితా" అనే మాటే. కోరుట్ల నుంచి ఈ ఫర్హీన్ వచ్చింది, అంతే! వాళ్ల నాన్న పనికోసం మస్కట్ పోయాడట. తల్లీబిడ్డలు ఇక్కడ అమ్మమ్మ ఇంట్లో ఉంటున్నారట. అయితే మాత్రం రోజూ నీలమేనా?

మర్నాడు అందరూ ప్రార్థనకు వెళ్లాక రజిత ఒక్కతే గదిలో ఉండిపోయింది. ఫర్హీన్ కట్టిన నీలం దారం విప్పేసి, గబగబా పసుపు కట్టింది.

తిరిగొచ్చిన టీచర్ బోర్డు చూసి సంబరపడింది. "ఫర్హీన్, ఇయ్యాల పసుపా! అందరు చప్పట్లు కొట్టుండ్రి!"

క్లాసంతా చప్పట్లు. ఫర్హీన్ తెల్లబోయి బోర్డు దగ్గరికొచ్చింది.

"ఇంత సన్నటి ముడి ఎట్ల వేసినవ్ బిడ్డా?" అని అడిగింది టీచర్.

రజిత గతుక్కుమంది. సాంచె మీద తెగిన పోగును అతికే ముడి అది. తొందరలో చేతులు వాటంతట అవే వేసేశాయి. క్లాసులో ఆ ముడి వచ్చింది తనకొక్కదానికే. మొన్ననే టీచర్ లేనప్పుడు పిల్లలందరికీ చూపించి గొప్పలు పోయింది కూడా.

ఫర్హీన్ ముడిని చూసింది. రజితను చూసింది.

"నేనే వేసిన టీచర్" అంది.

ఆ మధ్యాహ్నం టీచర్, నీలం కట్టిన అరవింద్ పక్కన కూర్చుంది. ఫర్హీన్ ప్లేట్లో గుడ్డును అటూ ఇటూ దొర్లిస్తోంది. రజిత అనుకున్నది జరిగింది, సంతోషమే రాలేదు. ఉండబట్టలేక లేచి ఫర్హీన్ పక్కకు వెళ్లింది.

"నేనే అని తెలిసి గూడ టీచర్‌కు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నిన్ను తిడతరు గద. అసలే నువ్వు నాతోని మాట్లాడవు."

రజిత తల దించుకుంది. "మరి తింటలేవేంది?"

"మా అబ్బా మస్కట్ నుంచి ఫోన్ చేయక మూడు రోజులైతాంది. అమ్మీ చాటుకు ఏడుస్తాంది. టీచర్‌కు చెప్పుకుందామనుకున్న. అందరు చప్పట్లు కొట్టినంక ఇంకెట్ల చెప్పాలె?"

రజితకు తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి నిలబడింది.

"టీచర్, ఫర్హీన్ నీలమే కట్టింది. పసుపు నేను కట్టిన."

అందరూ తినడం ఆపేశారు.

"ఎందుకు రజితా?"

"మీరు రోజు ఆమె పక్కనే కూసుంటున్నరు. నాకు కుళ్లు వచ్చింది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. రజిత చెవులు వేడెక్కాయి. టీచర్ మాత్రం నవ్వలేదు.

"మరి నువ్వు రోజు పసుపే కట్టినవ్ గద! నాకు ఒక్క మాట చెప్పకపోతివి. రా, మీ ఇద్దరి నడుమ కూసుంట."

రజిత తల అడ్డంగా ఊపింది. "ముందు ఫర్హీన్‌ను చెప్పనియ్యుండ్రి టీచర్. పొద్దటి సంది ఆగింది."

టీచర్ డబ్బా తీసుకుని ఫర్హీన్ దగ్గరికి వచ్చింది. రజిత ప్లేటు పట్టుకుని అరవింద్ పక్కకు పోయింది. వెనక ఫర్హీన్ గొంతు సన్నగా వినిపిస్తోంది. రజితకు ఇంకా కొంచెం కుళ్లుగానే ఉంది. అయినా తిరిగి చూడలేదు.

"నువ్వు ఇయ్యాల నీలం ఎందుకు కట్టినవ్ అరవింద్?" అని అడిగింది. "నాకు చెప్పు, నేను వింట."