లేపు నాది

పక్కింటి ధనమ్మగారు లోపలికి రాగానే సినిమా ఆగిపోయింది. "మూడో చూపరి ఉన్నారు. మీరు కొన్న చీటీ ఇద్దరికే" అంది గోడతెర. ఆవిడ అలవాటుగా కొంగు కళ్ల మీదికి లాక్కుని, "నేను వింటానంతే, కానీమ్మా" అంటూ కూర్చుంది. ఆవిడ కళ్లు కనబడకపోయేసరికి తెరకన్ను, అదే తెరలోని కెమెరా, ఊరుకుంది, బొమ్మ కదిలింది. కాకినాడలో ఇప్పుడు ఇరుగుపొరుగులు ఇలాగే సినిమా చూస్తున్నారు. నవ్వొచ్చే సంగతే కానీ, నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

వాసంతి తెర వంక చూడడం లేదు. చేతిపలకలో కూతురు నిహిర వీడియో పెట్టుకుంది.

"ఏమండీ, పాప మాట వినబడట్లేదు. ఓసారి చూడండి."

కృపాకర్ వచ్చి చూశాడు. పాప పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. 'రక్షిత సంభాషణ తొలగించబడింది' అని కింద అక్షరాలు. మిగతా వీడియోలన్నీ తెరిచాడు. అన్నీ మూగవే. నిహిర విషజ్వరంతో పోయి ఏడాది కావస్తోంది. వాళ్లకు మిగిలింది ఆ గొంతు ఒక్కటే.

'నకలు కాపరి' అనే కొత్త ప్రోగ్రాం ఆ ఉదయమే ఇళ్లలోకి దిగింది. సినిమాల దొంగతనం ఆపడానికట. మనం దాచుకున్న ప్రతి వీడియోనూ గాలించి, సినిమా ముక్క ఎక్కడ దొరికినా శబ్దం తీసేస్తుంది. మన ఇళ్లలో తెర మోగని పూట ఏది? పిల్ల మాట్లాడిన ప్రతిచోటా వెనకాల ఏదో సినిమా నడుస్తూనే ఉంది. పైగా ఎవరొచ్చినా "ఆంటీకి డైలాగ్ చెప్పమ్మా" అని పిల్లల్ని నిలబెట్టే మురిపెం ఒకటి మనకు. నిహిరకు 'ర' పలికేది కాదు. హీరో "ఊరు నాది, ఏరు నాది, రేపు నాది" అంటే, అది నడుం మీద చెయ్యి పెట్టుకుని "ఊలు నాది, ఏలు నాది, లేపు నాది" అనేది.

మర్నాడు కృపాకర్ సినిమా హక్కుల కేంద్రానికి వెళ్లాడు. అక్కడి ఉద్యోగి మర్యాదగా కూర్చోబెట్టాడు.

"తీసేసింది మళ్లీ రాదండీ" అన్నాడు.

"పోనీ, మా ఇంటి తెరకన్ను మమ్మల్ని రోజూ చూస్తూనే ఉందిగా. పాప మాటలు మీ దగ్గర ఉండాలి."

"ఉంటాయండీ. చిన్నపిల్లల వివరాలు బయటికివ్వకూడదు. గోప్యత కదా."

"నేను వాళ్ల నాన్ననండీ."

"పాపే పెద్దయ్యాక అడగాలి సార్."

"పాప లేదు బాబూ."

"నన్నేం చెయ్యమంటారు చెప్పండి" అన్నాడతను. కృపాకర్‌కు అతని మీద కోపం కూడా రాలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

ఆ రోజు నుంచి వాసంతి ఆ 'లేపు నాది' మాటలు తానే అనడం మొదలుపెట్టింది, మరిచిపోతానేమోనన్న భయంతో. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, పాపలాగే గొంతు సన్నం చేసి అనేది. మొదట్లో కృపాకర్ సరిదిద్దేవాడు. తర్వాత ఊరుకున్నాడు.

వానాకాలంలో ఒక సాయంత్రం ఆమె అడిగింది. "'ఏలు' దగ్గర కాస్త సాగదీసేది కదండీ?"

"అవును" అన్నాడు, వెంటనే.

నిజానికి అతను అప్పుడే పాపను తలుచుకున్నాడు. ముఖం వచ్చింది, నడుం మీద చెయ్యి వచ్చింది, పెదవులు కదిలాయి. వినబడింది మాత్రం వాసంతి గొంతు. ఎంత వెతికినా ఇంకో గొంతు దొరకలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.