ఐదో లైనుకు శీతముద్ర

స్వరూప కిటికీ చట్రం చుట్టూ జిగురుముద్ద వత్తి, బొటనవేలితో సాపు చేసి, మణికట్టుకు కట్టుకున్న కొలత యంత్రం గృహపాలను గోడకు ఆనించింది. అది, "ఇరవై ఎనిమిదో నంబరు. అరవై ఆరు," అంది.

ఇల్లు వేడిని నిలుపుకునే లెక్క అరవై దాటితే చాలు. స్వరూప గుమ్మం మీద నీలిరంగు శీతముద్ర అంటించి, సంచీ భుజానికెత్తుకొని బయటికొచ్చింది. మూత రోజుకు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆ రోజు తలుపులు బిగించుకుంటే మళ్ళీ మాఘం దాకా అవసరానికి తప్ప తీయకూడదు. ఈలోగా గోడకు గోడ ఆనించి కట్టిన ఐదో లైనులో మిగిలిన ఇళ్ళన్నీ చూడాలి.

ఎండల్ని ఆపడానికి ఆకాశంలో పరద పరిచి ఇరవై ఆరేళ్ళయింది. వేసవులు మెత్తబడ్డాయి. చలికాలాలు మాత్రం మొండికెత్తాయి. ఈ బొగ్గు ఊళ్ళలో పుష్యమాసం వస్తే బిందెల్లో నీళ్ళు గడ్డకడుతున్నాయి. బొగ్గు ముట్టించడం నేరమై చాలాకాలమైంది. మూతపడ్డ గనుల్లో ఊరిన నీళ్ళు లోతులో వెచ్చగా ఉంటాయి. పంపుహౌసు వాళ్ళు వాటిని తోడి, ఇంకొంచెం కాచి, గొట్టాల గుండా క్వార్టర్లకు పంపుతారు. స్వరూప నాన్న ముప్పై ఏళ్ళు దిగిన గని నీళ్ళే ఇప్పుడు గోడల వెంట పారుతున్నాయి. అయితే ముద్ర లేని ఇంటికి వాల్వు తెరుచుకోదు. ఆ ఇంటివాళ్ళు జిల్లా కేంద్రంలోని ఆశ్రయశాలకు వెళ్ళి తొంభై రోజులు వరస మంచాల మీద ఉండాలి.

ఇరవై తొమ్మిదో నంబరులో ఓదెమ్మ పాత చీరల పొరలు నేల మీద పరిచి బొంత కుడుతోంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. లైనులో సగం ఇళ్ళ బొంతలు ఆమె చేతివే.

"రా బిడ్డా, జెర పైలం. సూదులున్నయి," అంది తల ఎత్తకుండానే.

స్వరూప వెనక గోడ దగ్గరికెళ్ళింది. కింద గని కుంగినప్పుడల్లా ఆ గోడ కొద్దిగా విచ్చుకునేది. ఇప్పుడు పగులు పైకప్పు దాకా పాకింది. జిగురుముద్ద రెండు డబ్బాలు మింగినా నిండలేదు.

"యాభై ఒకటి," అంది గృహపాల. "తూర్పు గోడలో మరో లీకు. మూయండి."

తూర్పు గోడకు బొంతల దొంతర ఆనించి ఉంది. స్వరూప వాటిని ఒక్కొక్కటే పక్కకు తీసింది. మోకాలి ఎత్తున ఒక ఇటుక లేని కంత కనిపించింది. దాని అంచులు నల్లగా మసిబారి ఉన్నాయి.

స్వరూప దాని ముందు కూర్చుంది. చిన్నప్పుడు నాలుగో లైనులో వాళ్ళింట్లోనూ అచ్చం ఇలాంటి కంతే ఉండేది. పొద్దున్నే అమ్మ ఆ కంత ముందు వంగి, "వదినా, రెండు నిప్పులెయ్యి," అని పిలిచేది. అవతలి నుంచి పట్టకారు చివర ఎర్రటి బొగ్గులు రెండు వచ్చేవి. అమ్మ వాటిని సిగిడి కుంపటిలో వేసి ఊదేది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన నాన్న దాని మీద చేతులు కాచుకొనేవాడు. ఆయన గోళ్ళ సందుల్లోని నలుపు ఎన్నడూ పోయేది కాదు. స్వరూప పల్లికాయలు కాల్చుకొని ఆయన ఒళ్ళో కూర్చొని తినేది. పొద్దుటికి ఎవరి సిగిడి ఆరిపోయినా లైనులో ఎక్కడో ఒకచోట నిప్పు ఉండేది.

"లీకు. మూయండి," అని గృహపాల మళ్ళీ చెప్పింది.

ఆమె జిగురుముద్ద తీసుకొని కంతలో చెయ్యి పెట్టింది. అరచేతికి తగిలిన గాలి వెచ్చగా ఉంది.

పక్కిల్లు ముప్పయ్యో నంబరు. అక్కడ పంపుహౌసులో పనిచేసే నస్రీన్ చంటిపాపతో ఉంటుంది. ఆ ఇంటికి నిన్ననే అరవై ఎనిమిది వచ్చి ముద్ర పడింది. వాల్వు కూడా తెరిచారు. గృహపాలకు లీకు ఏదైనా లీకే. చలిగాలా, వెచ్చటి గాలా అన్నది దానికి పట్టదు.

"అవ్వా, ఇది మూసినా నీ ఇల్లు అరవై దాటదు," అంది స్వరూప. "ఆ ఎనక గోడ వేడిని నిలవనియ్యది."

ఓదెమ్మ సూది ఆగింది. "అంటే శాలకు పొమ్మంటవా?"

"నేనంటలేను. లెక్క గట్లున్నది."

"నేను పోతె పిల్లనెవరు పట్టుకుంటరు? నస్రీన్ పంపుకాడికి పొయ్యి ఆ నీళ్ళు తోడకుంటె మీ గొట్టాలల్ల ఏం పారుతది?"

కంతలోంచి నస్రీన్ గొంతు వినిపించింది. "పెద్దమ్మా, ఏమైంది?"

"ఏమైతది! నన్ను మూట గట్టి పంపుతున్నరు."

నిమిషంలో నస్రీన్ రెండు నెలల పాపను శాలువాలో చుట్టుకొని గుమ్మంలో నిలబడింది. స్వరూప సంగతంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ తన చూపు కంత మీదే ఉంది.

"చెల్లె, ఒక మాట అడుగుత. ఈ గోడ తొలిచి తోవ చేస్తే రెండిళ్ళు ఒకటైతయి. నీ ఇంటి వేడి ఇటు వస్తది. అరవై దాటొచ్చు, దాటకపోవచ్చు. దాటకుంటె నీ ముద్ర కూడ పోతది. చంటిపిల్ల ఉన్నది. మంచిగ ఆలోచన చేసి చెప్పు."

నస్రీన్ పాప వంక చూసింది. ఓదెమ్మే అందుకుంది. "వద్దు బిడ్డా. నాకోసం పిల్లను సలిల ఎయ్యకు. తొంభై రోజులు ఎంతసేపు, పోత తియ్యి."

ఆ మాట విన్నాక నస్రీన్ అంది: "కాన్పప్పుడు నా దగ్గర ఎవరున్నరు పెద్దమ్మా? నువ్వే గద. అక్కా, తొలువు."

గోడ కూలకుండా స్వరూప పైన ఇనుప పట్టీ దిగగొట్టి, ఇటుకలు ఒక్కొక్కటే ఊడదీసింది. మధ్యాహ్నానికి మనిషి పట్టేంత తోవ పడింది. గృహపాల హద్దు చూపమంది. స్వరూప దాన్ని ముందుకు చాపి, రెండు ఇళ్ళ బయటి గోడల వెంట లోపలి నుంచి నడిచింది.

"అరవై ఒకటి," అంది గృహపాల.

ఓదెమ్మ పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. పని అప్పుడే అయిపోలేదు. గృహపాల ఇంకో ప్రశ్న వేసింది: "ఒకే ఇల్లు అయితే ఇద్దరికీ సంబంధం?" తెరమీద వరస కనిపించింది. తల్లి, అత్త, అక్క, చెల్లెలు, కోడలు. స్వరూప చివరిదాకా వేలితో జరిపింది. పొరుగు అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఏదో ఒకటి నొక్కితే పని జరిగిపోతుంది. అత్త అని నొక్కబోయి ఆగింది. ఖాళీ గడిలో 'పక్కింటావిడ' అని రాసింది.

"చెల్లదు. పూచీ ఎవరిది?"

అంతవరకు పూచీ పడ్డ పనివాళ్ళు ఎవరూ లేరు. తేడా వస్తే ఉద్యోగం పోతుంది. స్వరూప తన వేలిముద్ర వేసింది. నాన్న చేతుల వాసన, ఆ మసీ ఉప్పూ కలిసిన వాసన, ఒక్క క్షణం ముక్కుకు తగిలినట్టయింది. వాల్వు తెరుచుకుంది.

ఆ కబురు సాయంత్రానికల్లా లైనంతా పాకింది. మర్నాడు పొద్దున స్వరూప వచ్చేసరికి ముప్పై మూడో నంబరు నుంచి సుత్తి చప్పుడు వినిపిస్తోంది. ఆ ఇంటికి యాభై ఏడే వచ్చింది. పక్కవాళ్ళే వచ్చి ఇటుకలు తీస్తున్నారు. ఇరవై ఎనిమిదోవాళ్ళు ముద్ర పడ్డా సరే ఓదెమ్మ వైపు గోడ తొలుస్తున్నారు. స్వరూప ఇనుప పట్టీలు పంచుతూ, ఎక్కడ కొట్టాలో, ఎక్కడ కొట్టకూడదో చూపుతూ మూడు రోజులు తిరిగింది. ఈ కొస నుంచి ఆ కొసదాకా తోవ ఏర్పడి, ప్రతి ఇంట్లోనూ ఆమె వేలిముద్ర పడింది.

నాలుగో రోజు కంట్రోలు రూము నుంచి ఇన్‌చార్జి దామోదర్ ఫోన్ చేశాడు.

"ఏం చేస్తున్నవ్ స్వరూపా? నా తెర మీద ఐదో లైనుల ఇళ్ళు మాయమైతున్నయి!"

"ఇళ్ళు యాడికీ పోలేదు సార్. గోడలే పోయినయి."

"మరి ఏ ఇల్లు ఏడిదాకనో నేనెట్ల తెలుసుకోవాలె? మిషను నన్ను హద్దు అడుగుతున్నది."

"నేను చూపిస్త. లైన్ల ఉండుండ్రి."

స్వరూప గృహపాలను ముందుకు చాపి మొదటి ఇంట్లోంచి నడక మొదలుపెట్టింది. వంటింట్లోంచి పడకగదిలోకి, అక్కడి తోవలోంచి పక్కవాళ్ళ వంటింట్లోకి. ఒకచోట పప్పు పోపు వాసన, ఒకచోట తడి బట్టలు, ఒకచోట చదువుకుంటున్న ఆడపిల్ల. అందరూ జరిగి దారిచ్చారు. చివరి ఇంటి గోడ తాకి, బయటి గోడల వెంట తిరిగి మొదటి ఇంటికి వచ్చింది.

గృహపాల తెర మీద హద్దు గీత మొదలూ చివరా కలిశాయి.

"ఒక ఇల్లు," అంది అది. "ఎనభై తొమ్మిది మంది. డెబ్బై నాలుగు."

అంత లెక్క ఇప్పటివరకు ఏ ఇంటికీ రాలేదు.

"ఇట్లాంటిదానికి రూలు లేదు, స్వరూపా. తెరువొద్దని లేదు, తెరువుమని లేదు."

"మీరేమంటరు సార్?"

"రేపు పైవాళ్ళు నన్ను సంజాయిషీకి పిలుస్తరు. నిన్నూ పిలుస్తరు." దామోదర్ గొంతు తగ్గించాడు. "మా అమ్మ మూడో లైన్లనే ఉంటది. అక్కడ కూడ సగం ఇండ్లు దాటలే." మీట నొక్కిన చప్పుడు వినిపించింది. "లైను వాల్వు తెరుస్తున్న."

లైను పొడుగునా గొట్టాలు వేడెక్కుతూ టకటకమన్నాయి. ఓదెమ్మ బొంత మడిచి నస్రీన్ భుజాల మీద కప్పింది. పుట్టిన దగ్గర్నుంచీ చలికి పక్కిల్లు దాటి తేలేని పాపను ఓదెమ్మ తప్ప లైనులో ఇంకెవరూ చూడలేదు. నస్రీన్ పాపను ఎత్తుకొని బయల్దేరింది. ఒక్కసారి కూడా బయట కాలు పెట్టకుండా, ఇల్లిల్లూ ఆగి, ఆ చివరిదాకా అందరికీ చూపించుకొని వచ్చింది.