హేతుపత్రంలో ఒక పేరు

నూట పదిహేడో బోరు తడబడుతోంది. దస్తగిరమ్మ చెవిగిన్నెలను రెండు చేతులా అదిమిపట్టి మరోసారి వింది. లోపల, శ్రవణకడ్డీ చుట్టూ నీరు ఉరకడం లేదు, జారుతోంది. ‘ఊట సన్నబడింది, మూడు రోజులు తోడకూడదు’ అని పలకలో రాసి తరువాతి బోరుకు మారింది. కదిరి చుట్టుపక్కల బోర్ల నాడి చూడటం భూజల కళాశాలలో చివరి ఏడాది పిల్లల వంతు పని. ఆమెకు అదే ఆఖరి వంతు. పది గంటలకు దారిచీటీలు ఇస్తారు.

దారిచీటీ రాసేది దిక్సూచి అనే యంత్రం. బడిలో చేరిన నాటి నుంచి ప్రతి ఒక్కరి మార్కులూ, హాజరూ, తప్పులూ గమనిస్తూ వచ్చి, ఎవరికి ఏ పని నప్పుతుందో అదే తేల్చి చెబుతుంది. పదకొండేళ్లుగా ఆ మాటను కాదన్నవాళ్లు లేరు. చాలావరకు అది సరిగ్గానే చెప్పేది మరి.

దస్తగిరమ్మ విషయంలో మాత్రం ఒకసారి గురి తప్పింది. మొదటి ఏడాది ఆమె రెండు పేపర్లలో తప్పడంతో, చదువు మానుకోమని దిక్సూచి విరమణ సూచన పంపింది. రాత్రీ పగలూ చదివినా, బోరు చప్పుడును కాగితం మీద చూపే తరంగపటం ఆమె కంటికి ఉత్త గీతల్లాగే కనబడేది. బట్టలు సర్దుకుని, చెవిగిన్నెలు అప్పగించిపోదామని పరికరాల గదికి వెళ్లింది. అక్కడ వన్నూరప్ప ఉన్నాడు. ఆయనది పరికరాలు బాగుచేసే ఉద్యోగం, పాఠాలు చెప్పేది కాదు. ఎందుకు పోతున్నావని ఆయన అడగలేదు. చెవిగిన్నెలు తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, ఒక బోరు చప్పుడు వినిపించి, విన్నదాన్ని సుద్దముక్కతో నేలమీద గీయమన్నాడు. గీసింది. ఆ వంకరగీత పక్కన తరంగపటం పరిచి చూపించాడు. రెండూ ఒకటే.

ఆ తరువాత రెండు నెలలు, రోజూ సాయంత్రం ఆయన తన పని చేసుకుంటూ ఉంటే ఆమె పక్కన కూర్చుని వింటూ, గీస్తూ పోయింది. గీత తప్పితే “మళ్ళీ ఇను పాపా” అనేవాడు, అంతే. తప్పిన పేపర్లు మళ్లీ రాసి గట్టెక్కింది. మూడో ఏడాదికి ఆమె కళాశాలలో మొదటి స్థానంలో నిలిచింది. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ఆయనకు కృతజ్ఞత చెప్పుకోలేదు. చెప్పబోతే ఆయన ఏదో మర మీదికి వంగి మాట మార్చేసేవాడు.

పది గంటలకు హాల్లో ఆమె పేరు పిలిచారు. తీరప్రాంతంలో ఉప్పునీటి శుద్ధికేంద్రాల రూపకర్త, మొదటి శ్రేణి. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆమెకూ సంతోషంగానే ఉంది. ఇక చీటీ చేతికి రావడానికి మిగిలింది హేతుపత్రం నింపడమే. ‘మీ విజయానికి హేతువు’ అన్న ప్రశ్న కింద నాలుగు గళ్లు: తెలివి, శ్రమ, పాఠ్యక్రమం, పరికరాలు.

ఆ గళ్లను బట్టే దిక్సూచి వచ్చే ఏడాది పిల్లలను నడిపిస్తుంది. ఏ ఉద్యోగం ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చేది కూడా వాటిని బట్టే. నెలాఖరుకు వన్నూరప్ప ఉద్యోగం తీసేస్తున్నారని రెండు రోజుల కిందటే తెలిసింది. పదకొండేళ్లలో ఏ హేతుపత్రంలోనూ ఆయన ఊసు లేదు. రాయడానికి గడి ఉంటే కదా.

దస్తగిరమ్మ వేలు ‘శ్రమ’ దగ్గర ఆగింది. శ్రమ పడిన మాట అబద్ధం కాదు. కానీ తప్పిన ఏడాది కూడా అంతే శ్రమ పడింది. ఇప్పుడు ఆ గడి నొక్కితే, రేపు తనలాగే పటం ముందు బిక్కమొహం వేసిన పిల్లకు నీ శ్రమ చాలలేదని చెప్పి పంపేస్తారు. ఆమె వేలు వెనక్కి తీసుకుని, పక్కనున్న ఖాళీలో ‘వన్నూరప్ప’ అని రాసింది.

‘హేతువు గుర్తించబడలేదు’ అంటూ పత్రం తిరిగొచ్చింది. మళ్లీ అదే రాసింది. మళ్లీ తిరిగొచ్చింది. మూడోసారి, పన్నెండులోపు నింపకుంటే ఈ స్థానం తరువాతి వారికి పోతుందన్న హెచ్చరిక కూడా వచ్చింది.

రిజిస్ట్రార్ సత్యవేణి వచ్చి పక్కన నిలబడింది. మంచి మనిషి. “ఆ గడి నొక్కేయమ్మా. ఆయన మీద అభిమానం మనసులో ఉంటే చాలదూ?” అంది.

“అభిమానమని నేను రాయలేదు మేడం. అది కారణం అడిగింది. కారణమే రాసినా.”

పన్నెండు దాటింది. స్థానం మార్కుల్లో ఆమె తరువాతున్న ఓబులేసుకు పోయింది. దస్తగిరమ్మ గోడవారగా బెంచీ మీద కూర్చుంది. ఓబులేసు తన పత్రంలో ఏ గడీ నొక్కలేదు. ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

“మన లైబ్రరీ సుగుణక్క ఇంటిపేరేందో నీకు తెలుసునా?”

ఓబులేసుతో మొదలై, రెండు గంటలకల్లా ఇలా పేర్లు రాసిన పందొమ్మిది పత్రాలు తిరిగొచ్చాయి. ఒకరు మెస్‌లో వంటమనిషి పేరు రాస్తే, ఇంకొకరు పక్కగది స్నేహితుడి పేరు రాశారు. హాలు గోడమీది దిక్సూచి తెర ఆగిపోయింది. కాసేపటికి దానిమీద ఎప్పుడూ చూడని అక్షరాలు కనబడ్డాయి: ‘వన్నూరప్ప: చేసిన పని ఏమిటి?’

ఆయన్ని పిలిపించారు. చేతులకు గ్రీజు ఉండటంతో ఏదీ తాకకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. సత్యవేణి ప్రశ్న చదివి వినిపించింది.

“నేనేం జేసినా మేడం? పక్కన కూచున్న్యా, అంతే.”

సత్యవేణి ఒక్క అక్షరం మార్చకుండా ఆ మాటనే దిక్సూచిలోకి ఎక్కించింది. దస్తగిరమ్మకు కళ్లు చెమర్చాయి. ఈసారి ఆయన తల తిప్పుకోవడానికి అక్కడ ఏ మరా లేదు. అందరి ముందూ ఆయన ఆమె వైపు చూడక తప్పలేదు, ఆమె రెండు చేతులూ జోడించక తప్పలేదు.

తెర మీద మరో వాక్యం వచ్చింది: ‘పక్కన కూర్చోవడం: ఈ పనికి ఎందరు కావాలి?’

పదకొండేళ్లలో ఒక పనికి ఎందరు కావాలని దిక్సూచి సత్యవేణిని అడగడం ఇదే మొదలు. ఆమె దస్తగిరమ్మ వైపు తిరిగింది.

“ఎంతమందిని రాయమంటావు?”

“ముందు ఇద్దర్ని రాయండి మేడం” అంది దస్తగిరమ్మ. “వన్నూరప్ప మామ ఒకరు. నేనొకదాన్ని.”