ఎడమపక్క పీట

ఆ పొద్దున ఆకాశం ఎండకీ వానకీ మధ్య ఎటూ తేల్చుకోకుండా ఉంది. వెలిగొండల మీద మబ్బులు గనిలో పలకరాతి పొరల్లా ఒకదాని మీదొకటి పేర్చుకుని కూర్చున్నాయే తప్ప కదలలేదు, కురవలేదు. కేశవులు పెరట్లో జల్లెడ పట్టుకుని కాసేపు పైకి చూశాడు. ఇలాంటి పూట మక్కు తొందరగా ఆరదు. ఆరీ ఆరని మక్కుతో బొమ్మకొండ కడితే సాయంత్రానికి నెర్రెలు తీస్తుంది. మక్కు సంగతి ఇప్పుడు అతన్ని ఎవరూ అడగరు.

గోడ అవతల పక్కింట్లో తాలింపు గుప్పుమంది.

"ఏమ్మే రమణా, ఇయ్యాల ఎవరి చెయ్యి తొడుక్కున్నావే?" అని వరండాలోంచి వెంగమ్మ కేకేసింది.

"గుంటూరామెది వదినా. నిన్నటి చెయ్యి నా వల్ల కాదు తల్లో, కూరకి దోసెడు ఉప్పేస్తది. ఆ మహాతల్లి మొగుడు ఎట్టా బతికున్నాడో ఏమో!"

ఆడవాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. కేశవులు నవ్వలేదు. భార్య పక్క చూడకుండా ఇసుక జల్లించుకున్నాడు.

హస్తవాసి తొడుగు లేని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. ఉల్లిపొరంత పలచన. మోచేతి దాకా లాక్కుంటే చర్మంతో కలిసిపోతుంది. పనిమంతుల చేతులు ఎలా కదిలాయో కంపెనీవాళ్ళు నెలల తరబడి పట్టి దాస్తారు. ఆ కదలికను తొడుగులోకి దింపితే, తొడుక్కున్నవాడి వేళ్ళు వాటంతటవే ఆ పని చేస్తాయి. వండే చెయ్యి, కుట్టే చెయ్యి, జడలల్లే చెయ్యి, ఏది కావాలన్నా అద్దెకు దొరుకుతుంది. పెళ్ళిచూపుల్లో ఫలహారం తిని 'ఇది పిల్ల సొంత చెయ్యేనా' అని అడగడం ఇప్పుడు మర్యాద కాదు.

చేతులు దొరికాక జనానికి ఏదో ఒకటి చెయ్యాలన్న యావ పుట్టింది. పట్నాల్లో ఆ యావంతా బల్లసీమ మీద పడింది. బల్ల మీద కొండలు, వాగులు, కోటలు కట్టి, వేలెడంత సైనికులతో ఆడే ఆట అది. కట్టే చెయ్యి అద్దెకు వస్తుంది గానీ, కట్టే సరుకు చేతిలోంచి ఊడిపడదు కదా. ఆ సరుకు కేశవులు ఊరు పలకలదిన్నె నుంచి పోతుంది. కొండచరియలకు గనుల పక్కన గుట్టలుగా పడివున్న పలకరాతి పెళ్ళలు, చెట్లకు నేతిబీర పీచు, పచ్చికకు రంగద్దిన రంపపు పొట్టు, పొగమంచుకు జిల్లేడు దూది, వాగు ఒడ్డుకు గుండ్లకమ్మ ఏటి ఇసుక. వీటిని పట్టి ఉంచేది మక్కు. చింతగింజల పిండి ఉడకబెట్టి, అందులో పొట్టు కలిపి పిసికిన ముద్ద.

ప్రతి మూట మీదా ఒక చెయ్యి బొమ్మ, దాని కింద 'వెంగమ్మ చెయ్యి' అని అచ్చు. మూటలు కట్టేది మాత్రం కేశవులు. తాడు వేసేటప్పుడు సరిగ్గా ఆ బొమ్మ వేళ్ళకు అడ్డంగా వేసి, మోకాలు ఆనించి బిగించేవాడు. ఇంకోచోట వేసినా మూట నిలుస్తుందని అతనికి తెలుసు.

ఇదంతా మూడేళ్ళ కిందట మొదలైంది. అప్పటిదాకా మొగుడూ పెళ్ళాం వరండాలో పక్కపక్క పీటల మీద కూర్చుని కొండలు కట్టేవాళ్ళు. హస్తవాసి కంపెనీ నుంచి అవినాష్ అని ఒకడు వచ్చాడు. మంచి చొక్కా, మెత్తటి మాట. ఇద్దరి చేతులకూ తొడుగులు వేసి చూశాడు. "మీ చెయ్యి ఒకసారి చేసినట్టు మరోసారి చెయ్యట్లేదండీ. యంత్రానికి పట్టు చిక్కట్లేదు" అని కేశవులుతో అన్నాడు. "అక్క చెయ్యి మాత్రం అద్భుతం" అన్నాడు. ఆ వేసవంతా వెంగమ్మ ఒంగోల్లో వాళ్ళ గదిలో కూర్చుని చేతిని పట్టించి వచ్చింది. రమ్మంటే కేశవులు వెంట పోలేదు. ఆమె తిరిగొచ్చేసరికి తన పీట రాతిగుట్ట దగ్గరి పాకలోకి మార్చుకున్నాడు. వెంగమ్మ ఆ ఖాళీ చోటు చూసింది. ఆ ఇంట్లో మాటలు ముందునుంచీ పొదుపే.

జల్లించడం అయ్యేసరికి సరుకు తోలే దస్తగిరి బండి వచ్చి ఆగింది. దిగుతూనే అరిచాడు.

"మామా, విశాఖ వాళ్ళ పోటీ బల్లకి కొండ కావాలంట. సాయంత్రం బండికి ఎక్కాల. మీ ఇంట్లో కట్టిన కొండే, అత్త చేతి కొండే కావాలంట."

వెంగమ్మ కుడిచేతి కట్టు చూపించింది. "నిన్న రాతిపెళ్ళ కోసిందిరా. వేలు మడవలేకపోతన్నా."

"మామ కడతాడుగా?"

"నేను కడితే అది నా కొండైద్ది" అన్నాడు కేశవులు.

"అదే వాళ్ళకొద్దంట." దస్తగిరికి దాపరికం తెలీదు. "అత్త చెయ్యి తొడుక్కో మామా. దేశమంతా తొడుక్కుంది, ఇంటి మొగుడివి నువ్వే తొడుక్కోలా. పెళ్ళాం చెయ్యి తొడుక్కోడానికి సిగ్గేంది?"

"నోరుమూసుకుని నీ బండి సూసుకో."

వెంగమ్మ గోడ వైపు తిరిగింది. "పోన్లేరా. రమణ మొగుడు ఓబులేసు ఖాళీగానే ఉన్నాడు. ఆయన్ని తొడుక్కోమంటా."

కేశవులు జల్లెడ కిందపెట్టాడు. ఓబులేసు వచ్చి ఈ వరండాలో కూర్చుని, వెంగమ్మ చేతిని మోచేతి దాకా లాక్కుంటాడు. ఆ బొమ్మ కళ్ళముందు కనపడగానే చేతుల ఇసుక దులుపుకున్నాడు.

"అక్కర్లా. నేనే కడతా."

వెంగమ్మ పీట మీద కూర్చుని కుడిచేతికి తొడుగు వేసుకున్నాడు. తన మోటు వేళ్ళు కొంచెం సన్నబడినట్టు అనిపించింది. చెయ్యి లేచింది. పెళ్ళలు ఏరింది. వంపున్న పెళ్ళను చరియకు, చదునైనదాన్ని అంచుకు, ఎక్కడా తడబడకుండా పెట్టుకుంటూ పోయింది. ఏళ్ళ తరబడి ఓరకంట చూసిన పని ఇప్పుడు తన మణికట్టులోంచి నడుస్తుంటే, మెచ్చుకోబుద్ధయింది. మెచ్చుకోబుద్ధయినందుకు ఒళ్ళు మండింది.

ఆ చెయ్యి మక్కు కలిపింది. కలిపి, చిటికెడు తీసి, చిన్న ఉండ చేసి, ఒళ్ళో మీదుగా ఎడమపక్కకి చాచింది.

అక్కడ ఎవరూ లేరు. ఉత్త నేల.

చెయ్యి అలాగే ఆగింది. ఎవరో పుచ్చుకుంటారన్నట్టు, కాస్త వంగి, ఓపిగ్గా ఆగింది. తర్వాత వెనక్కొచ్చి, ఉండను ముద్దలో కలిపేసి, దాని మీద నీళ్ళు చిలకరించింది.

రెండో వాయి కలిపినప్పుడూ అదే జరిగింది. అదే చాపు, అదే ఎదురుచూపు. ఎంత మెత్తగా ఇస్తోంది! పసిబిడ్డకు ముద్ద పెట్టినట్టు ఇస్తోంది. పట్టించింది ఒంగోల్లో. అక్కడ తను లేడు. మరి ఆ ఎడమపక్క ఎవడు కూర్చున్నాడు? మెత్తటి మాట, మంచి చొక్కా గుర్తొచ్చాయి. అక్కా అని పిలిచినంత మాత్రాన అక్కైపోతుందా?

వెంగమ్మ గడప దగ్గర కూర్చుని ఎడంచేత్తో తంటాలు పడుతూ గోంగూర వలుస్తోంది.

"ఒంగోల్లో నీ ఎడంపక్క ఎవరు కూసునేవాళ్ళు?" అన్నాడు, కొండ మీంచి కళ్ళు ఎత్తకుండా.

"ఎడంపక్కా? గోడ."

"గోడకి మక్కు తినిపించావా?"

వెంగమ్మ చేతిలో ఆకు ఆగింది. అతని చేతిని చూసింది. తొడుగును చూసింది.

"అది కూడా పడిందా అందులో?" అంది మెల్లగా.

"పడకేం. దాచుకోవాలనుకుంది కూడా దాచి పెట్టింది నీ కంపెనీ. ఎవరికిచ్చావ్?"

"నీకు తెలీదా?"

"తెలిస్తే అడుగుతానా?"

"అయితే తెలిసినాకే అడుగు" అని మళ్ళీ గోంగూర మీదికి వంగింది.

మధ్యాహ్నం దస్తగిరి మళ్ళీ వచ్చి, కొండ ఎంతవరకూ వచ్చిందో చూద్దామని వరండా అంచున చతికిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే చెయ్యి మళ్ళీ ఎడమపక్కకి చాచింది. దస్తగిరి చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

"అదో, అదో! ఇచ్చే చెయ్యి! ఎన్ని ఊళ్ళల్లో చూశా మామా దీన్ని!"

"ఏందది?"

"నీకు తెలీదా? మొదట్లో జనం తిట్టుకున్నారు, ఈ చెయ్యి మధ్యలో పక్కకి పోయి ఆగుతదేందని. కంపెనీ వాళ్ళు ఆ ఆగే ముక్క కోసేసి చూశారు. కోస్తే కొండలన్నీ నెర్రెలిచ్చినయ్యంట. ఆ కాసేపూ మక్కు నానాలేమో మరి. సరేలే అని వదిలేశారు. ఇక చెయ్యి చాస్తా ఉంటే ఎంతకాలం ఊరికే చూస్తారు? పక్కన ఒక పీట వేసుకోటం మొదలుపెట్టారు. ఎవరో ఒకర్ని కూసోబెడతన్నారు ఆ ఉండ అందుకోటానికి. నెల్లూర్లో ఒక ముసలాయన, కూతురితో ఏళ్ళుగా మాటల్లేవు, ఇప్పుడు శనివారం శనివారం పోయి ఆ పిల్ల పక్కన పీట మీద కూసుంటాడు. ఒంటరిగా కట్టుకునేవాడే లేడు మామా. ఎడమపక్క పీట లేని బల్లే లేదు."

అని వెంగమ్మ వైపు తిరిగాడు. "అందరూ నన్నడుగుతారత్తా. ఇంతకీ అది ఎవరి పీట?"

వెంగమ్మ చేట తీసుకుని లేచింది. "అన్నం మాడతన్నట్టుంది" అని లోపలికి పోయింది. అన్నం ఇంకా పొయ్యి మీదే పెట్టలేదు.

దస్తగిరి బీడీకని బయటికి పోయాడు. కేశవులు ఒక్కడే మిగిలాడు. ఇప్పుడు అవినాష్ ఒక్కడి మీద కాదు మంట. నెల్లూరు ముసలాయన మీద, విశాఖ కుర్రాళ్ళ మీద, మొహం తెలీని వేలమంది మీద. వాళ్ళందరికీ వెంగమ్మ ఉండ అందిస్తోంది. అడిగినవాడికీ, అడగనివాడికీ. ఇంట్లో ఉన్నవాడికి మాత్రం ఏమీ లేదు.

ఆఖరి వాయి కలిపింది చెయ్యి. ఉండ చేసింది. చాచింది.

"ఎవడికే ఇది!" అని పళ్ళు నూరి, విసిరికొడదామని తన ఎడంచేత్తో ఆ ఉండను లాక్కున్నాడు.

విసరలేదు. లాక్కున్న వేళ్ళు ఊరుకోలేదు. తొడుగు లేని వేళ్ళు అవి, తన సొంతవి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండ నలిగింది, చిట్లింది, మళ్ళీ నలిగింది. ఆలోచన రాకముందే నోరు తెరుచుకుంది.

"పొట్టు ఎక్కువైంది. నీళ్ళు సూపించు."

ఆ మాట ముగియడమూ, చాచిన చెయ్యి వెనక్కి తిరిగి ముద్ద మీద నీళ్ళు చిలకరించడమూ ఒక్కసారే అయ్యాయి.

కేశవులు వేళ్ళ మధ్య నలిగిన ఉండను చూసుకున్నాడు.

వెంగమ్మ ఎప్పుడు కలిపినా పొట్టు ఒక పిసరు ఎక్కువే వేస్తుంది. పెళ్ళైన కొత్తలోనూ అంతే. చిటికెడు తీసి, ఎడమపక్క కూర్చున్న తనకి చాచేది. తను నలిపి చూసి చెప్పేవాడు. ప్రతి వాయికీ అదే మాట. ఇద్దరికీ ఎంత అలవాటైపోయిందంటే అదొక పని అని కూడా గుర్తులేదు. చేతుల కదలికలు పట్టుకునే కంపెనీ అతని చేతిని వద్దంది. కానీ ఆమె చేతిలో అతని మాట పట్టేంత జాగా ఉండిపోయింది. ఒంగోల్లో గోడ వైపు చెయ్యి చాచి, ఎవరూ అనని మాట వినేంతసేపు ఆగి, విన్నట్టే నీళ్ళు చిలకరించి, వేసవంతా ఆమె అలాగే కొండలు కట్టింది.

తిరిగొచ్చి చూస్తే అక్కడ పీట లేదు.

ఈర్ష్య పోలేదు. అది అంత తేలిగ్గా పోయేది కాదు. కాకపోతే దాని మొహం మారింది. దేశంలో ఎవరెవరో వచ్చి తన చోట కూర్చుంటున్నారు. కూర్చోమని ఆ చెయ్యి రోజూ పిలుస్తూంటే లేచి పక్కకెళ్ళింది మాత్రం తనొక్కడే.

తొడుగు లాగేశాడు. మిగిలిన పచ్చిక తన చేత్తోనే అద్ది, కొండను పొయ్యిగట్టు మీద పెట్టి నిప్పుసెగకు ఆరబెట్టాడు. నెర్రె ఒక్కటీ రాలేదు. దస్తగిరి వచ్చి చూసి, "అచ్చం అత్త చెయ్యే మామా" అన్నాడు. కేశవులు మూట మీద తాడు ఈసారి బొమ్మ పక్కనుంచి వేశాడు.

బండి పోయాక రాతిగుట్ట దగ్గరి పాకలోకి వెళ్ళాడు. మూడేళ్ళ దుమ్ము పట్టిన పీట తెచ్చి, తుండుగుడ్డతో తుడిచి, వరండాలో వెంగమ్మ పీటకు ఎడమపక్క వేశాడు.

పొద్దు వాలుతోంది. మబ్బులు ఇంకా అలాగే ఉన్నాయి. వెంగమ్మ ఎడంచేత్తోనే అన్నం, గోంగూర పప్పు తెచ్చింది. రెండు పీటలూ చూసింది. తర్వాత కంచాలు రెండూ దగ్గరగా పెట్టి, తన పీట మీద కూర్చుని, కట్టున్న చేత్తో చెంచా పట్టుకోబోయింది.

కేశవులు చెంచా తీసి పక్కన పెట్టాడు. పప్పన్నం కలిపి, ముద్ద చేసి, ఆమె వైపు చాచాడు. చాచి, ఆగాడు.

వెంగమ్మ ఆ చేతిని కాసేపు చూసింది. నోరు తెరిచి ముద్ద అందుకుంది. నెమ్మదిగా నమిలింది. మింగాక మోచేత్తో ఉప్పుగిన్నెను అతని వైపు జరిపింది.

కేశవులు చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ కలిపాడు. ఆమెకొక ముద్ద, తనకొక ముద్ద. కంచం ఖాళీ అయ్యేదాకా అలాగే తిన్నారు.