శుభ్రమైన రక్తం

మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. చెయ్యి నిదానం, ఈ కాస్త రాయడానికి నెల పట్టింది. టీకాల ల్యాబులో గాజు గొట్టాలు కడిగినదాన్ని, అందుకే ఇలాంటి కథ తోచింది.

అంగారకుడి మీద జనం ఉండే ఏడో గుమ్మటాన్ని ఆనుకుని ఒక గాజు గది ఉంది. వంటమనిషి పైడితల్లి మూడేళ్లుగా అందులోనే ఉంటోంది. గుమ్మటంలోకి ఎర్రదగ్గు రోగం తెచ్చింది ఆమేనని కాగితం రాసి వెలిపెట్టారు. ఆ కాగితం మీద మొదటి సంతకం డాక్టర్ సుహాసినిది. గుమ్మటం లోపల పుట్టిన మనవరాలిని పైడితల్లి అద్దంలోంచే చూసింది.

ఈ ఏడు సుహాసిని "ఆనవాలు" అనే యంత్రం తయారుచేసింది. రక్తంలో మెమరీ సెల్స్, అంటే జ్ఞాపక కణాలు, ఒకసారి చూసిన సూక్ష్మజీవిని ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటాయి. యంత్రం వాటిని ఒక్కొక్కటిగా లేజర్ వెలుగులో నడిపిస్తుంది. టీకా ఒంటికి సూక్ష్మజీవి పైతొడుగునే చూపిస్తుంది, అలా నేర్చిన కణాలు పసుపుగా మెరుస్తాయి. రోగమే వచ్చిపోతే ఆకుపచ్చగా మెరుస్తాయి. ఎన్నాళ్ల నాటిదో కూడా తెర మీద పడుతుంది.

మొదటి పరీక్షకు పైడితల్లిని పిలిచారు. పోల్చడానికి రోగం రాని రక్తం కావాలి. ల్యాబు అలవాటు ప్రకారం సుహాసిని తన రక్తమే తీసి, పేరు రాయకుండా పెట్టింది.

పైడితల్లిది ఆకుపచ్చ, ముప్పైఆరు నెలలు. రెండో గొట్టమూ ఆకుపచ్చే. ముప్పైఏడు నెలలు.

అప్పట్లో రెండు రోజులు దగ్గింది సుహాసిని. దుమ్ము అనుకుంది. పైడితల్లే మిరియాల చారు కాచి ఇచ్చింది.

"ఏటొచ్చిందమ్మా?" పైడితల్లి రెండడుగులు వెనక్కి జరిగే నిలబడింది, డాక్టరమ్మకి అంటకూడదని.

"రోగం ఎప్పుడో పోయింది. ఇవాళే లోపలికి వచ్చెయ్."

"మరి నేనే తెచ్చానన్నారే, ఆ మాట?"

సుహాసిని తెర వంక చూడలేదు. "అది తేలలేదు."

"పోన్లెండి. మీరు దయ తలిచారు, అదే చాలు." పైడితల్లి వంగి ఆమె కాళ్లకు దండం పెట్టింది. సుహాసిని కాళ్లు వెనక్కి లాక్కుంది.

అప్పుడు యంత్రం మాట్లాడింది: "రెండో రక్తం ఎవరిది? పేరు చెప్పండి, నమోదు చేస్తాను."

యంత్రం మళ్లీ అడిగింది.

గుమ్మం దాకా వెళ్లిన పైడితల్లి వెనక్కి తిరిగి నవ్వింది.

"అడుగుతోంది కదమ్మా. సెప్పండి."

సుహాసిని స్విచ్ ఆపేసింది.

— కొర్లాపు నీలవేణి, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉంటున్నది పార్వతీపురంలో.